లారీ డ్రైవరు జీతం: ప్రకటనలో అంకె ఒకటి, చేతికొచ్చేది మరొకటి

సంపాదకులకు నమస్కారం.

‘హెవీ డ్రైవర్లు కావలెను’ అనే ప్రకటనలు పత్రికల్లోనూ, లారీ ఆఫీసుల గోడల మీదా, వాట్సాప్ గ్రూపుల్లోనూ రోజూ కనబడుతుంటాయి. ఒక కంపెనీ నెలకు 35 వేలు అంటుంది. ఇంకోటి 20 వేలు, బత్తా అదనం అంటుంది. మరొకటి కిలోమీటరుకు ఇంతని చెబుతుంది. ఒకటి రెండు బండ్లున్న యజమాని కిరాయిలో వాటా ఇస్తానంటాడు. ఇవేవీ ఒకే కొలతతో చెప్పిన అంకెలు కావు. అయినా ఏది పెద్దగా కనబడితే అందులో చేరిపోవడం, నాలుగు నెలలు తిరక్కుండానే ఇంకో చోటికి మారడం మామూలైపోయింది. ఈ అంకెలను ఎలా విడగొట్టి చూడాలో, చేరేముందు ఏమేం అడగాలో లెక్కలతో సహా రాస్తున్నాం. మీ పత్రిక కూడా డ్రైవరు ఉద్యోగాల ప్రకటనలు తీసుకునేటప్పుడు స్థిర జీతం ఎంత, బత్తా ఎంత, పీఎఫ్ ఉందా లేదా అనే మూడు సంగతులైనా విడివిడిగా రాయించుకుంటే బాగుంటుంది.

జీతం ఎంత అని అడిగేముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బండి కదలని రోజు ఎవరి ఖాతాలో పడుతుంది? ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు ఆగింది, గోదాములో హమాలీలు రాలేదు, గేర్‌బాక్సు విప్పారు, రిటర్న్ లోడు దొరకలేదు. ఆ రోజుల భారం కంపెనీ మోస్తుందా, డ్రైవరు మోస్తాడా అన్నదాని మీదే రెండు ఉద్యోగాల మధ్య అసలు తేడా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మొదటి కంపెనీ కిలోమీటరుకు రూ.3.50 ఇస్తుంది, అన్నీ అందులోనే. నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగితే 35,000. ప్రకటనలో వేసేది ఈ అంకే. రెండో కంపెనీ స్థిర జీతం 20,000 ఇస్తుంది, అందులో బేసిక్ 15,000. డ్యూటీలో ఉన్న ప్రతి రోజుకూ 350 బత్తా. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. ప్రకటనలో కనబడేది 20 వేలే.

దారిలో భోజనం, టీ, స్నానం ఖర్చు రోజుకు 300 అనుకుంటే 26 రోజులకు 7,800 అవుతుంది. మొదటి చోట మంచి నెలలో అది పోను మిగిలేది 27,200. లోడింగు, అన్‌లోడింగు దగ్గర ఎనిమిది రోజులు పోయి బండి 7,000 కిలోమీటర్లే తిరిగితే వచ్చేది 24,500, ఖర్చు పోను 16,700. రెండో చోట 20,000 లోంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 150 తీసేస్తే 18,050. బత్తా 9,100 కలిపి, తిండి ఖర్చు తీసేస్తే 19,350. డ్రైవరు పేరున జమయ్యే పీఎఫ్ తన వంతు 1,800, కంపెనీ వంతు 1,800 కలుపుకుంటే 22,950. బండి గేటు దగ్గర ఆగినా ఇది మారదు.

అంటే ఈ రెండూ సమానం కావాలంటే మొదటి కంపెనీలో నెలకు దాదాపు 8,800 కిలోమీటర్లు తిరగాలి. అది సాధ్యమా? ఘాట్లు, టోల్ గేట్లు, ఊళ్ల మధ్య రద్దీ కలుపుకుని లోడు బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. రవాణా బండ్లకు స్పీడ్ గవర్నర్ 80 దగ్గరే ఆపుతుంది కాబట్టి ఈ సగటు ఎంతో పెరగదు. ఇప్పుడు కొత్త కార్మిక చట్టాల్లో (కోడ్‌లలో) కలిసిపోయిన మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా ఉండేది. దూర ప్రయాణాల్లో సడలింపు ఇచ్చినా రోజుకు 10, వారానికి 54 గంటలే. వారానికి 48 గంటల లెక్కన నెలకు 208 గంటలు, సుమారు 8,300 కిలోమీటర్లు. 54 గంటలూ స్టీరింగు మీదే గడిపినా 9,360 దాటవు. ఎక్కడా ఒక్క గంట కూడా ఆగకుండా తిరిగితే వచ్చే దూరమది. కాబట్టి 10,000 కిలోమీటర్ల మీద కట్టిన 35 వేలు చట్టం ఒప్పుకునే గంటల్లో వచ్చే డబ్బు కాదు. నిద్ర మానుకుంటేనే వస్తుంది. ‘మా దగ్గర డ్రైవర్లు 35 వేలు తీస్తున్నారు’ అని మేనేజరు చెబితే, ఎన్ని కిలోమీటర్లకు అని అడిగి, ఆ కిలోమీటర్లను 40తో భాగించి చూడండి. గంటలు 208 దాటాయంటే సంగతి అర్థమైపోతుంది.

ఇక ఆగిన సమయం గురించి చట్టంలో చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. పని గంటల్లోకి బండి నడిపిన సమయం వస్తుంది. లోడింగు, అన్‌లోడింగు, బండి సంరక్షణ, లెక్కలు అప్పజెప్పడం, రిజిస్టర్లలో సంతకాలు వంటి అనుబంధ పనులూ వస్తాయి. టెర్మినల్లో ఊరికే హాజరుగా ఉన్న సమయం మాత్రం 15 నిమిషాల లోపు అయితేనే లెక్కలోకి వస్తుంది. గేటు బయట ఆరు గంటలు ఎదురుచూస్తే అది పని కిందికి రాదని వాదించే వీలు యజమానికి ఇక్కడే దొరుకుతుంది. అందుకే హాల్టింగ్ డబ్బును, అంటే బండి ఆగిన సమయానికి ఇచ్చే డబ్బును, నియామక పత్రంలో రాయించుకోవడం తప్ప వేరే దారి లేదు. రాయించుకునేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోవాలి. గడియారం ఎప్పుడు మొదలవుతుంది: గేటు బయట రిపోర్టు చేసినప్పుడా, లోపలికి ఎంట్రీ వేసినప్పుడా? డబ్బు లెక్కలోకి రాని ఉచిత సమయం ఎంత? బండిని ఆపి ఉంచినందుకు సరకు యజమాని నుంచి కంపెనీ వసూలు చేసే డిటెన్షన్ ఛార్జీలో డ్రైవరుకు వాటా ఉందా, లేక బండి ఆగిన ప్రతి రోజుకూ ఇంతని కంపెనీయే ఇస్తుందా? వాటా పద్ధతి కన్నా రోజుకు ఇంత అన్నదే డ్రైవరుకు నయం. సరకు యజమాని డబ్బు కట్టకపోతే వాటా కూడా రాదు మరి. గేటు దగ్గరికి బండి చేరగానే టోకెనును, పక్కనే సమయం కనబడేలా ఫొటో తీసి సూపర్‌వైజరుకు పంపి ఉంచితే తర్వాత వాదన ఉండదు.

కిరాయిలో వాటా పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కిరాయి ఎంతో డ్రైవరుకు తెలిస్తేనే దానికి అర్థం. ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీలో కిరాయి గడి దగ్గర చాలాసార్లు అంకె ఉండదు, తర్వాత బిల్లు వేస్తామని మాత్రమే ఉంటుంది. యజమాని నోటి మాటే లెక్క. పైగా రిటర్న్ లోడు తక్కువ కిరాయికి దొరికితే అదే దూరం, అదే శ్రమ, డబ్బు మాత్రం సగం.

డీజిల్ లెక్క దగ్గర నష్టపోయినంత జీతం దగ్గర ఎవరూ నష్టపోరు. చాలా కంపెనీలు బండికి ఇంత మైలేజీ అని నిర్ణయిస్తాయి. మిగిల్చిన డీజిల్లో వాటా ఇస్తాయి, తగ్గితే కోస్తాయి. లీటరుకు 4 కిలోమీటర్లు నిర్ణయించారనుకోండి. 8,000 కిలోమీటర్లకు 2,000 లీటర్లు. నిజంగా 3.8 వస్తే 2,105 లీటర్లు తాగుతుంది. తేడా 105 లీటర్లు, లీటరు 95 చొప్పున 10,000 రూపాయలు. పాయింటు రెండు తేడాకు సగం జీతం పోయింది! ఈ తేడాకు డ్రైవరు నడిపే తీరే కారణం కానక్కర్లేదు. టైర్లలో గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, బ్రేకు లైనర్లు పట్టేసి డ్రమ్ము వేడెక్కుతున్నా, ఇంజెక్టర్లు సరిగా చల్లకపోయినా మైలేజీ పడిపోతుంది. ఆగి ఉన్న బండిలో ఏసీ కోసం ఇంజను నడిపితే గంటకు సుమారు 2 నుంచి 3 లీటర్లు పోతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన మీడియం, హెవీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. మంచి నిబంధనే. కానీ వేసవిలో గేటు ముందు నిద్రపోయే డ్రైవరు ఏసీ వేసుకుంటే ఆ డీజిల్ ఎవరిదన్నది తేల్చకుండా పాత మైలేజీ అంకెనే కొనసాగిస్తే, ఇచ్చిన సౌకర్యాన్ని జీతంలోంచి వెనక్కి లాక్కున్నట్టే.

కాబట్టి మైలేజీ ఎంత అని అడగడం చాలదు. లోడు బండికి ఎంత, ఖాళీ బండికి ఎంత, ఘాట్ రూటుకు ఎంత, ఇంజను ఆన్‌లో ఆగి ఉన్న గంటలకు ఎంత మినహాయిస్తారు అని అడగాలి. కొలిచే పద్ధతీ అడగాలి. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు పద్ధతిలో అయితే రెండుసార్లూ ఒకే బంకులో, చదునైన నేల మీద, గన్ దానంతటదే ఆగేవరకు నింపించి, ఓడోమీటరు ఫొటో తీసుకోవాలి. ట్యాంకులో సెన్సరు పెట్టిన కంపెనీల్లో ఏటవాలు నేల మీద ఆపినా, కుదుపులకు డీజిల్ కదిలినా అంకె మారుతుంది. డీజిల్ దొంగతనం అంటూ అలారం మోగిన సందర్భాల్లో కొన్ని ఇలాంటివే. డ్రైవరు మారినప్పుడల్లా ట్యాంకు నింపి అప్పజెప్పే కంపెనీని నమ్మవచ్చు. అర ట్యాంకుతో తాళాలు చేతిలో పెట్టే చోట పాత డ్రైవరు లోటు కూడా కొత్తవాడి నెత్తినే పడుతుంది.

దారి ఖర్చులు రెండు రకాలుగా ఇస్తారు. కొందరు గుత్తగా ఇంతని ఇచ్చి మిగిలింది నువ్వే ఉంచుకో అంటారు. కొందరు రసీదులు చూసి అసలు ఖర్చు ఇస్తారు. గుత్త చూడ్డానికి ఆకర్షణగా ఉంటుంది గానీ పంక్చర్లు, లోడింగు మామూళ్లు, పార్కింగు, కాటా ఛార్జీలు, తాడు పట్టా కట్టిన కూలీ, అన్నీ అందులోనే. ఒక్క టైరు పగిలినా ట్రిప్పంతా ఉత్తదే. టోల్ ఫాస్టాగ్ నుంచి పోతుంది కాబట్టి దాన్ని గుత్తలో కలిపామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఓవర్‌లోడు జరిమానా మాత్రం ముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను ప్రకారం రూ.20,000, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ రూ.2,000. మూడు టన్నులు ఎక్కువైతే 26,000, పైగా ఆ అదనపు సరకు అక్కడే దింపించాలి. ఈ సెక్షను బండి నడిపినవాణ్నే కాదు, నడిపించినవాణ్నీ, నడపనిచ్చినవాణ్నీ బాధ్యుణ్ని చేస్తుంది. లోడు ఎక్కించింది కంపెనీ, కోత డ్రైవరుకు అంటే కుదరదు. ఎంత బరువు ఎక్కించాలో నిర్ణయించే అధికారం డ్రైవరుకు లేనప్పుడు ఆ జరిమానా అతని ట్రిప్ షీటులోకి ఎలా వస్తుంది?

సరకు బరువు తగ్గిందని వేసే షార్టేజీ కోత ఇంకో మాయ. దీంట్లో తూకం వేసే పద్ధతిలోనే తప్పు దొర్లుతుంటుంది. సరకు నికర బరువు తేలాలంటే దించే చోట లోడు బండినీ, దించాక ఖాళీ బండినీ రెండింటినీ తూయాలి. అలా కాకుండా, లోడు ఎత్తిన చోట రాసిన ఖాళీ బండి బరువును దించే చోటి లోడు బరువులోంచి తీసేస్తే దారిలో కాలిన డీజిల్ కూడా షార్టేజీ కిందే పడుతుంది. 300 లీటర్ల డీజిల్ సుమారు 250 కిలోలు. క్లీనరు దిగిపోయినా, స్టెప్నీ రిపేరుకు ఇచ్చినా అంతే. అందుకే రెండు చోట్లా కాటా చీటీలు నాలుగూ దగ్గర ఉంచుకోవాలి. సీల్ నంబరు ఫొటో ఉండాలి. ధాన్యం, మొక్కజొన్న వంటి తేమ సరకుకు ఎంత శాతం తరుగు మినహాయిస్తారో ముందే రాసి ఉండాలి. సరకు పోయిందని, పాడైందని జీతంలో కోయాలంటే ముందు డ్రైవరుకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉంది. ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. అన్ని కోతలూ కలిపినా ఆ నెల వేతనంలో సగం మించకూడదు.

కోడ్ మాట వచ్చింది కాబట్టి: 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలు చాలావరకు, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంతో సహా, వాటిలో కలిసిపోయాయి. డ్రైవరుకు వీటిలో పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత అయింది. రెండోది వేతనం నిర్వచనం. మొత్తం చెల్లింపుల్లో అలవెన్సులు సగం మించితే, మించినంత భాగాన్ని వేతనం కిందే లెక్కగట్టాలి. పాతిక వేలిచ్చి, బేసిక్ 6 వేలని రాసి, మిగతాదంతా బత్తా, రకరకాల అలవెన్సులని చూపించే పద్ధతికి ఇది అడ్డు. బేసిక్ తక్కువ చూపిస్తే కంపెనీకి పీఎఫ్ భారం తగ్గుతుంది. డ్రైవరుకు చేతికొచ్చే డబ్బు కాస్త పెరిగినట్టు కనబడుతుంది. అందుకే ఇద్దరూ సంతోషంగా ఒప్పుకుంటారు. పోయేది తర్వాత తెలుస్తుంది.

ఎలా పోతుందో చూడండి. ఈఎస్ఐ లేని డ్రైవరు డ్యూటీలో ప్రమాదంలో చనిపోతే పరిహారం లెక్కగట్టేది నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేసి. ఇది 1923 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి. 35 ఏళ్ల వయసుకు గుణకం 197.06. లెక్కలోకి తీసుకునే వేతన పరిమితి 2020 నుంచి 15,000. ఆ వేతనం కాగితం మీద ఉంటే కుటుంబానికి 14,77,950 వస్తుంది. కాగితం మీద 8,000 ఉంటే 7,88,240. నెలనెలా తీసుకున్న డబ్బు ఒకటే కావచ్చు, ఇంటికి వచ్చే పరిహారం సగానికి పడిపోతుంది. అసలు కాగితమే లేకపోతే ఎంత సంపాదించేవాడో నిరూపించే పని భార్యాపిల్లల మీద పడుతుంది. ట్రిప్పు డబ్బు నగదుగా తీసుకునేవాళ్లు ముఖ్యంగా ఆలోచించాల్సిన సంగతి ఇది. ఎంత తక్కువైనా బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. ఆ స్టేట్‌మెంటే సాక్ష్యం.

ఈఎస్ఐ ఉన్నవాళ్ల కుటుంబానికి ఈ ఏకమొత్తం రాదు, దాని బదులు ఆధారితులకు నెలనెలా పింఛను వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటికి ఇదే మేలని మా అభిప్రాయం. 10 మంది, ఆపైన పనిచేసే చోట, వేతనం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. డ్రైవరు వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. జబ్బు చేసి ఇంట్లో ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇస్తారు. డ్యూటీలో గాయపడి పని చేయలేకపోతే 90 శాతం. జీతం 20,800 నుంచి 21,200కు పెంచి ఈఎస్ఐ తీసేసే కంపెనీలున్నాయి. ఆ 400 కోసం సంబరపడకుండా, బదులుగా ఆరోగ్య బీమా ఏమిస్తున్నారో అడగాలి.

బీమా దగ్గర ఒక మోసం తరచూ జరుగుతుంది. ‘బండికి 15 లక్షల ప్రమాద బీమా ఉంది’ అని చెబుతారు. పాలసీలో ఉండే ఆ 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు బండి యజమాని తానే నడిపినప్పటిది. జీతానికి నడిపే డ్రైవరుకు వర్తించదు. పాలసీ షెడ్యూలు తీసి, జీతపు డ్రైవరు, క్లీనరు పేరుతో విడిగా ప్రీమియం కట్టారో లేదో, ఎంతమందికి కట్టారో చూడాలి. ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు వెళ్లే బండికి ఒక్కరికే కట్టి ఉండొచ్చు. కంపెనీ గ్రూపు ప్రమాద బీమా ఉందంటే ఆ జాబితాలో మీ పేరు, నామినీ పేరు ఉన్న పేజీ చూపించమనండి. రవాణా లైసెన్సు 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టే మొదటి చోటు అదే.

పీఎఫ్ 20 మంది, ఆపైన ఉన్న సంస్థలకు తప్పనిసరి. డ్రైవరు 12 శాతం, యజమాని 12 శాతం. యజమాని వంతులో 8.33 శాతం పింఛను ఖాతాకు వెళ్తుంది. 15,000 బేసిక్ మీద అది 1,250, మిగిలిన 550 పీఎఫ్‌లో పడుతుంది. పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి. అక్కడే లారీ డ్రైవర్లు దెబ్బతింటున్నారు. కంపెనీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (ఎక్కడ పనిచేసినా ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) తీసి ఇస్తారు, రెండేళ్లు ఒకదాంట్లో, మూడేళ్లు ఇంకోదాంట్లో మిగిలిపోతాయి. చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇచ్చి, పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకోవాలి. ప్రతి నెలా పాస్‌బుక్ చూసుకోవాలి. జీతం చీటీలో కోత కనబడి, పాస్‌బుక్‌లో జమ లేకపోతే మూడు నెలలు ఆగకుండా అడగాలి. పీఎఫ్ సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే దానికి జోడించి ఉన్న బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. ఇందుకు డ్రైవరు విడిగా కట్టేదేమీ ఉండదు.

జీతం అంకె చెప్పేటప్పుడు కొన్ని కంపెనీలు తమ వంతు పీఎఫ్‌ను కూడా అందులో కలిపి సీటీసీ (కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) అంటాయి. పైన చెప్పిన రెండో కంపెనీ తన 20,000ను 21,800గా చూపించవచ్చు. తప్పు కాదు, కానీ పోల్చేటప్పుడు ఒక చోట సీటీసీ, ఇంకో చోట గ్రాస్ (కోతలకు ముందు జీతం) పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. 8.33 శాతం బోనస్‌ను పన్నెండు ముక్కలు చేసి నెల జీతంలో కలిపి చూపించేవాళ్లూ ఉన్నారు. దసరాకో దీపావళికో వేరే ఏమీ రాదని అప్పుడు తెలుస్తుంది.

థర్డ్ పార్టీ పేరోల్ మీద చేర్చుకునే పెద్ద సంస్థల విషయం ప్రత్యేకం. లారీ మీద పేరు ఒకరిది, నియామక పత్రం మీద పేరు కాంట్రాక్టరుది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ మొదటికొస్తే గ్రాట్యుటీకి కావాల్సిన అయిదేళ్లు ఎన్నటికీ పూర్తికావు. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతోంది. అందువల్ల పత్రంలో నిర్ణీత కాలం అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడాలి. కాంట్రాక్టరు జీతం, పీఎఫ్ ఎగ్గొడితే అసలు సంస్థ బాధ్యత వహించాల్సి ఉంటుందని చాలామంది సూపర్‌వైజర్లు చెప్పరు.

పెట్రోలు, గ్యాస్, ఆమ్లం ట్యాంకర్ల జీతం మామూలు లారీ కన్నా ఎక్కువ చూపిస్తారు. ఆ పనికి ప్రమాదకర సరకుల శిక్షణ పొంది, లైసెన్సు మీద ఆ అనుమతిని నమోదు (ఎండార్స్‌మెంటు) చేయించుకోవాలి. శిక్షణ రోజుల జీతం, ఫీజు ఎవరివో అడగండి. డిపోల్లో ట్యాంకర్లు వరుస నంబరు ప్రకారం కదులుతాయి కాబట్టి ఇక్కడ కిలోమీటరు లెక్క అసలు పనికిరాదు. ట్రిప్పు లెక్కో, రోజు లెక్కో ఉండాలి. కార్లు మోసే ట్రెయిలర్లలో గీత పడిన కారు ఖర్చు, విడి సిమెంటు మోసే ట్యాంకర్లలో (బల్కర్లలో) కంప్రెసరు పనిచేయక మిగిలిపోయిన సరకు కోత, ఇలా ఒక్కో రకం బండికి ఒక్కో చోట డబ్బు కారిపోతుంది. రూటు మీద పనిచేస్తున్న డ్రైవర్లను అడిగితేనే అవి తెలుస్తాయి, హెచ్ఆర్ వాళ్లకు తెలియవు.

ఇద్దరు డ్రైవర్ల బండిలో కిలోమీటరు రేటు తలకా, బండికా అన్నది ఒక్క మాటలో తేల్చుకోవాల్సిన సంగతి. బండికి అయితే సగమే మీది.

సెలవుల దగ్గర ట్రిప్పు జీతం డొల్లతనం మళ్లీ బయటపడుతుంది. పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు వేతనంతో సెలవు రావాలి. స్థిర జీతం ఉన్నచోట ఏడాదికి పన్నెండు, పదిహేను రోజులు డబ్బుతో ఇంట్లో ఉండొచ్చు. కిలోమీటరు జీతంలో ఇంట్లో ఉన్న రోజు సున్నా. కాబట్టి రెండు కంపెనీలను పోల్చేటప్పుడు నెల లెక్క వేయకుండా ఏడాది లెక్క వేయండి. ఏడాదిలో చేతికొచ్చిన డబ్బు, పీఎఫ్ జమ, బోనస్ కలిపి, ఇంటికి దూరంగా ఉన్న రోజులతో భాగించండి. 300 రోజులు రోడ్డు మీదుండి 2,70,000 తెచ్చిన ఉద్యోగం రోజుకు 900. 250 రోజులకు 2,50,000 తెచ్చింది రోజుకు వెయ్యి. మొదటిదే పెద్ద జీతంగా చెలామణి అవుతోంది. ఇంటికి పంపే విరామం ఎన్ని రోజులకోసారి, ఎక్కడ బండి అప్పజెప్పాలి, అక్కడి నుంచి ఊరికి ఛార్జీ ఎవరిది అన్నవి కూడా ఈ లెక్కలో భాగమే. ఊరికి 900 కిలోమీటర్ల దూరంలో బండి దింపి నాలుగు రోజులు సెలవిస్తే రెండు రోజులు రైల్లోనే పోతాయి.

ఒరిజినల్ లైసెన్సు తీసుకుని దగ్గర ఉంచుకునే కంపెనీలో చేరవద్దు. డిజిలాకర్‌లో చూపించే లైసెన్సు చెల్లుతుంది కదా అని మేనేజరు అనవచ్చు. చెల్లితే ఒరిజినల్ ఆయనకు మాత్రం ఎందుకు? నెల జీతం డిపాజిట్‌గా పట్టి ఉంచడం కూడా ఇలాంటిదే. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు, మానేసినా తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ‘45 రోజుల తర్వాత సెటిల్‌మెంటు’ అని పత్రంలో రాసి ఉంటే, ఆ 45 రోజులు ఎందుకో సంతకానికి ముందే అడగాలి. ఈ-చలానాలు ఆలస్యంగా వస్తాయన్నది వాళ్లు చెప్పే కారణం. మానేసే రోజున బండి నంబరు మీద పెండింగు చలానాలు తీసి చూపించమని, మీరు నడిపిన తేదీలవి మాత్రమే లెక్కగట్టమని అడిగి, బండి అప్పజెప్పిన తేదీ, ఓడోమీటరు, డీజిల్ మట్టం రాసిన కాగితం మీద సూపర్‌వైజరు సంతకం తీసుకోవాలి. ఆ కాగితం లేకుండా తాళాలు ఇవ్వకండి.

ఇట్లు,
సరకు రవాణా డ్రైవర్ల జీతాల లెక్కలు చూసే పాఠకులు